పసుపు బిస్కెట్లు

మనవరాలు సంజన ఇరవై రోజుల తర్వాత నోరు తెరిచి ఒకటి అడిగింది. బిస్కెట్లు. అదీ దుకాణంలో కొనేవి కాదు, ఇంటి పిండితో బట్టీలో కాల్పించేవి. పచ్చకామెర్లు తగ్గాయని డాక్టరు చెప్పి వారమైంది కానీ, పిల్ల అన్నం ముట్టదు, గంజి చూస్తే మొహం తిప్పుకుంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల పుల్లలా అయిపోయింది. అలాంటిది తానే అడిగితే రేణుకమ్మ కాలు నిలుస్తుందా? గిర్నీకి పరుగెత్తి గోధుమలు పట్టించింది. నెయ్యి, చక్కెర సంచిలో వేసుకుని, పిల్లను ఆటో ఎక్కించి బోధన్‌లో దస్తగిర్ బేకరీ ముందు దిగింది.

అక్కడి పద్ధతే అంత, సామాను మనది, పనితనం వాళ్లది. దస్తగిర్ పిండి కలిపి, బిళ్లలు ఒత్తి, రేకును బట్టీలోకి తోశాడు. కాసేపటికి బయటికి లాగితే బిస్కెట్లు పచ్చగా ఉన్నాయి. గడపకు పసుపు రాసినంత పచ్చగా.

రేణుకమ్మ ఒక్క అంగలో రేకు దగ్గరికి వచ్చింది. కామెర్ల మనిషికి పసుపు తగలకూడదని ఆమె నమ్మకం. ఇరవై రోజులుగా ఇంట్లో పసుపు డబ్బా అటక మీదే ఉంది.

"కామెర్ల పిల్లకు పసుపు పెడ్తరా అన్నా ఎవలన్న?"

"నేనేడ పెట్టిన? నీ పిండే గట్లున్నది. కస్టర్డ్ పౌడర్ కలుపుకొచ్చినవేమో అనుకున్న."

అప్పుడు గుర్తొచ్చింది. గిర్నీలో ఆమెకు ముందు ఎవరో పసుపు కొమ్ములు పట్టించుకుపోయారు. అలాంటప్పుడు ముందు రెండు దోసిళ్ల నూకలు వేసి గిర్నీ రాయి శుభ్రం చేయించాలి. తొందరలో ఆ పని మరిచి, ఇప్పుడు దస్తగిర్ మీద ఎగిరింది.

సిగ్గుపడుతూ వెనక్కి తిరిగేసరికి సంజన దవడలు ఆడుతున్నాయి.

"ఎన్ని తిన్నవే?"

"మూడు."

గబగబా డాక్టరుకు ఫోన్ కలిపింది. సంగతంతా విని ఆయన నవ్వాడు. "గంత పసుపుతోని ఏం గాదమ్మా. నెయ్యి పదార్థం గదా, ఇయ్యాల్టికి ఇంకొక్కటి పెట్టి ఆపు."

అయినా అనుమానం తీరక ఒక ముక్క నోట్లో వేసుకుంది. వెంటనే ఉమ్మేసింది. ఒకటే వగరు, పచ్చి పసుపు కంపు. నాలుక మడత పడింది. దస్తగిర్ కూడా కొరికి చూసి మొహం చిట్లించాడు. "యా అల్లా! ఎట్ల తిన్నదమ్మా ఈ పిల్ల?"

ఆ మాటకు రేణుకమ్మ పిల్ల వైపు చూసింది. నిజమే, ఎట్లా తిన్నది? మనిషన్నవాడు మింగలేనిదాన్ని మూడు తిన్నదంటే, రుచి కోసం కాదు. కడుపు కాలి తిన్నది. ఇరవై రోజులుగా ఎటుపోయిందో తెలియని ఆకలి తిరిగొచ్చింది.

"నాయినమ్మా, ఇంకోటియ్యవా?"

రేకులోంచి అన్నిటికంటే పెద్దది ఏరి ఇచ్చింది. బట్టీ ముందే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని హాయిగా ఏడ్చింది.