అడుగున పడిన వార్త

ప్రజల సొమ్ముతో నడిచే ఆ రేడియో కేంద్రంలో రాజకీయ వార్తలు చెప్పే ఆయన్ని అందరూ "అసెంబ్లీ గారు" అనేవారు. ఏ మంత్రి అలిగాడో, ఏ పార్టీలో ఎవరు ఎవరికి ఎసరు పెడుతున్నారో ఆయన గొంతులోనే రాష్ట్రమంతా వినాలి. ఏళ్ల తరబడి ఉదయం వార్తల్లో మొదటి వార్త ఆయనదే. ఆ చోటు తన సొంత ఆస్తి అన్నంత ధీమాగా ఉండేవారు.

ఆ ధీమాకు చిల్లు పెట్టింది కొత్తగా చేరిన అమ్మాయి. ఆమె శాసనసభ గడప తొక్కేది కాదు. వెలగని వీధి దీపాలు, పొంగే మురుగు కాలువలు, బస్సు రాని కాలనీలు, ఇవే ఆమె వార్తలు. ఇవీ ఒక వార్తలేనా అని ఆయన మొదట్లో నవ్వుకున్నారు. కానీ శ్రోతల ఫోన్లన్నీ ఆమెకే వచ్చేవి. బయట ఎవరు పలకరించినా "ఆ అమ్మాయి మీ ఆఫీసేనా అండీ?" అనే అడిగేవారు. ఆయనకు ఒళ్లు మండిపోయేది.

అది చాలదన్నట్టు, ఒకరోజు తన వార్త వస్తుండగా భార్య మిక్సీ వేసింది.

"సరిగ్గా ఇప్పుడే వేయాలా?"

"మీ మంత్రుల సంగతి రోజూ ఉండేదేగా! ఆ అమ్మాయి వచ్చేలోపు ఈ పని అయిపోవాలండీ" అంది నవ్వుతూ.

ఆయనకు నవ్వు రాలేదు. ఊళ్లోవాళ్లు పొగిడితే సరిపెట్టుకోవచ్చు, కట్టుకున్నదే పొగిడితే ఎలా?

పాఠకులారా, ఆఫీసుల్లో అసూయ అరిచి గోల చేయదు. నిబంధనల చాటున కూర్చుని తన పని తాను చేసుకుపోతుంది. వార్తలను వరుసలో పేర్చే అధికారం ఆయనదే. సమయం అయిపోతే అడుగున ఉన్న వార్తలు చదవకుండా వదిలేస్తారు. ఆ ఉదయం ఒక మంత్రి రాజీనామా చేస్తారా చేయరా అన్న ఊహాగానాన్ని సాగదీసి ఆయన పైన పెట్టారు. కొత్తమ్మాయి పంపిన కాగితం మీద పేరు చూశారు, వార్త చదవలేదు. తీసి అడుగున పెట్టేశారు.

"కాస్త పైన పెట్టండి సార్, అర్జంటు" అని ఆమె ఫోన్‌లో బతిమాలింది.

"ఏది అర్జంటో నాకు నేర్పకమ్మా!"

మంత్రి రాజీనామా చేయలేదు. ఆ అమ్మాయి వార్త ఎవరి చెవినా పడలేదు.

రెండు రోజులకు ఆయన భార్య ఆసుపత్రి పాలైంది. అదే వార్డులో వాళ్ల వీధివాళ్లు చాలామంది ఉన్నారు. మంచినీటి గొట్టం పగిలి మురుగు కలిసిందట. ఆ అమ్మాయి వార్త అదే, కుళాయి నీళ్లు కాచుకుని తాగమని.

మైకు పట్టుకుని ఆమే వచ్చింది. మంచం పక్కన కూర్చున్న అసెంబ్లీ గారు తల దించుకున్నారు. పక్క మంచం వాళ్లను పలకరిస్తున్న ఆ రేడియో గొంతు గుర్తుపట్టి భార్య నీరసంగా కళ్లు తెరిచింది.

"నీ మీద ఎంత నమ్మకం పెట్టుకున్నానమ్మా! ఒక్క మాట చెప్పుంటే నీళ్లు కాచుకునేవాళ్లం కదా. నువ్వూ అందరిలాంటిదానివేనా?"

అమ్మాయి ఆయన వైపు ఒక్కసారి చూసింది. "తప్పయిపోయిందమ్మా" అని ఊరుకుంది.

భార్య నోట ఆ అమ్మాయి గురించి ఇలాంటి మాట వినాలని ఆయన ఎన్నాళ్లుగానో ఎదురుచూశారు. తీరా విన్నాక సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చటుక్కున మైకు తన వైపు లాక్కున్నారు.

"ఇది రికార్డు చెయ్యమ్మా."

"వద్దు సార్..."

"ఆమె ముందే చెప్పింది. ఆపింది నేను. పేరు చూసి ఆపాను. ఆమెకు మంచి పేరొస్తోందని కుళ్లుకున్నాను. రేపు మొదటి వార్త ఇదే కావాలి."

భార్య గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన మాట ఆపలేదు.

"ప్రజల రేడియోలో గొంతు ఎవరిదైనా కావచ్చు, సమయం మాత్రం ప్రజలది. దాన్ని దొంగిలించే హక్కు మాలో ఎవరికీ లేదు."