ఎడమ జడ

మంగళవారం సాయంత్రం శిబిరం వాళ్ళు ఇంటర్నెట్లో పెట్టిన ఫొటోలు ఒక్కొక్కటే చూస్తూ వచ్చిన మారిట్ వేలు డెబ్బయ్యో ఫొటో దగ్గర ఆగిపోయింది. సరస్సు ఒడ్డున పదిమంది పిల్లలు వరుసగా కూర్చుని ఉన్నారు. ఆ చివర ఆమె పదేళ్ళ కూతురు సిగ్ని. నవ్వడం లేదు. చేత్తో ఎడమ జడ పట్టుకుని ఉంది.

ఎడమ జడ పట్టుకుంటే ‘అమ్మా, వచ్చి తీసుకుపో’ అని అర్థం. ఆదివారం పిల్లను దింపడానికి వెళ్తూ కారులో తల్లీకూతుళ్ళు కూడబలుక్కున్న గుర్తు అది. వేసవి శిబిరంలో రెండు వారాలు ఫోన్లుండవు, ఉత్తరాలే. రోజూ ఫొటోలు మాత్రం పెడతారు. ఆ సందు కనిపెట్టినందుకు తన తెలివికి తనే మురిసిపోయి, మారిట్ ఈ సంగతి భర్త ఆర్లెన్‌కు కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పలేదు.

“దురద పెట్టిందేమో,” అన్నాడు ఆర్లెన్, ఓవెన్లోంచి బంగాళాదుంపల హాట్‌డిష్ గిన్నె తీస్తూ.

“దురదైతే తల గోక్కుంటుంది. జడెందుకు పట్టుకుంటుంది?”

“సరే, తీసుకొచ్చెయ్. బడి తెరిచాక నువ్వు కూడా వెళ్ళి దాని పక్కనే కూర్చో.”

“అవసరమైతే కూర్చుంటా. నువ్వు మాట్లాడకు.”

“మాట్లాడను. పెట్రోలు మాత్రం పోయించుకో, అయిదు గంటల దారి.”

తెల్లారాక బయలుదేరింది. బుధవారం ప్రార్థన కూటానికి రాలేనని పాస్టరు గారి భార్యకు కబురు పెట్టింది. తమ ఊరు మంకేటో నుంచి ఉత్తరంగా ఆ దారి పొడుగునా ‘ప్రభువా, నా బిడ్డను నీ చేతుల్లో పెట్టుకో’ అనుకుంటూనే ఉంది. సగం దారిలో ఒక అనుమానం వచ్చింది. ఆయన చేతుల్లో పెట్టాక మళ్ళీ తను వెళ్ళి లాక్కోవడమేమిటి? కారు ఇంకాస్త జోరుగా పోనిచ్చింది.

శిబిరం ఆఫీసు మెట్ల మీద, రబ్బరు బూట్లతో, ఒక ముసలావిడ క్యారెట్ కొరుకుతూ కూర్చుని ఉంది. పేరు వర్నా. ముప్పై ఏళ్ళుగా ఆ శిబిరాన్ని నడుపుతున్నది ఆవిడే.

“సిగ్ని వాళ్ళమ్మవు కదూ? ముక్కా, చెవా?”

“ఏంటండీ?”

“గుర్తమ్మా. ఫొటోలో ముక్కు పట్టుకోమన్నావా, చెవి పట్టుకోమన్నావా?”

మారిట్ మొహం ఎర్రబడింది. “జడ.”

“జడ! అది కొత్తదే. పోయినేడు ఒక పిల్లాడు బొడ్డు మీద చెయ్యి పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్న ఎక్కడో మిల్వాకీ నుంచి పరిగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే వాడికి కడుపునొప్పి.”

“మీకు నవ్వులాటగా ఉంది. నా పిల్ల ఏడుస్తుంటే నాకొక్క మాట చెప్పలేదు మీరు.”

వర్నా క్యారెట్ పక్కన పెట్టింది. “ఏడ్చింది, నిజమే. సోమవారం రాత్రి. గుడారంలో పిల్లలంతా తమ పరుపులు దాని పక్కకు జరుపుకుని పడుకున్నారు. నేను నీకు ఫోన్ చెయ్యలేదు. చెయ్యాల్సిందేమో. ఇన్నేళ్ళయినా నాకది తేలలేదు. కానీ అమ్మాయ్, నువ్వు ఆ గుర్తు నేర్పినప్పుడు పిల్లకు ఏం అర్థమై ఉంటుందంటావ్?”

“నేనున్నానని.”

“అదీ అయ్యుంటుంది. ఇక్కడ తను ఉండలేదని అమ్మ ముందే అనుకుందని కూడా అయ్యుంటుంది. ఏడుపొస్తే పక్కదానితో చెప్పుకోకుండా కెమెరా వైపు చూస్తుంది మరి.”

వర్నా లేచి ప్యాంటు దులుపుకుంది.

“పిల్ల నీది. తీసుకెళ్తానంటే ఆపను. ఇప్పుడు నీళ్ళలో ఉంది, పడవ బోర్లేసే పరీక్ష. అయ్యాక నువ్వే అడుగు.”

సరస్సు మధ్యనున్న దీవికి వెళ్ళాలంటే పిల్లలు ఆ పరీక్ష నెగ్గాలి. పడవకు ఇద్దరు. లోతులోకి వెళ్ళి, తమ పడవను తామే బోర్లేసి, మళ్ళీ ఒడ్డుకు నెట్టుకు రావాలి. సామాన్ల కొట్టు చాటున నిలబడి మారిట్ చూసింది. పసుపు పచ్చ లైఫ్ జాకెట్లలో సిగ్ని, ఇంకో పిల్ల. పడవ ఇటూ అటూ ఊగింది. బోర్లా పడింది.

ఆ పిల్ల తల పైకి వచ్చింది. సిగ్ని తల రాలేదు.

మారిట్ సరస్సులోకి కట్టిన చెక్క వంతెన మీదికి పరిగెత్తింది. ‘ప్రభువా’ అన్నది గాని, ఆ తర్వాత ఏమనాలో తోచలేదు. పిల్లలకు పడవ నేర్పే కుర్రది పక్కనే ఈదుతూ, తొందరేమీ లేకుండా, బోర్లాపడిన పడవ మీద వేళ్ళతో తట్టింది. లోపలి నుంచి ఎవరో తిరిగి తట్టారు. రెండో పిల్ల కూడా ముక్కు మూసుకుని అందులోకి దూరింది. పడవ కింద, నీటికీ చెక్కకూ మధ్య మిగిలిన గాలిలో, ఇద్దరి నవ్వూ డప్పు మోగినట్టు మోగింది.

“బయటికి రండర్రా, సత్రం కాదది!” అని అరిచింది కుర్రది.

ఇద్దరూ పడవను నెట్టుకుంటూ ఒడ్డుకొచ్చారు. సిగ్ని పెదాలు నీలంగా ఉన్నాయి. తల్లిని చూసి కొయ్యబారిపోయింది.

“అమ్మా! ఎవరైనా చచ్చిపోయారా?”

“లేదురా తల్లీ. నువ్వు జడ పట్టుకున్నావుగా?”

సిగ్ని కంగారుగా పక్కదాని వైపు చూసి గొంతు తగ్గించింది. “అది సోమవారం! ఫొటోలు ఒకరోజు ఆలస్యంగా పెడతారమ్మా. ఇక్కడందరికీ తెలుసు.”

“మరి ఇప్పుడు? ఇంటికొస్తావా?”

ఊఁ అంటే చాలు, కారు అక్కడే ఉంది. సిగ్ని కాలి బొటనవేలితో ఇసుక తవ్వింది.

“పడుకునేటప్పుడు కడుపులో ఇంకా ఎలాగో ఉంటుంది. కానీ రేపు దీవికెళ్ళాలి. జోసెట్‌కు వెనక కూర్చుని తెడ్డెయ్యడం రాదు. నేను లేకపోతే అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతుంది.”

“నాకొచ్చు!” అంది పక్కనున్న జోసెట్.

“రాదు. నిన్న మూడుసార్లు తిరిగావు.” మళ్ళీ తల్లి వైపు తిరిగింది. “నువ్వేమంటావు?”

అయిదు గంటల దారిలో కూడగట్టుకున్న మాటలన్నీ మారిట్ నోటిదాకా వచ్చాయి. వాటిని మింగేసింది.

“ఉండగలవనే అంటాను. ఆ గుర్తు ఇంక లేదు. రెండు జడలూ పట్టుకున్నా రాను.”

“మరి ఏడుపొస్తే?”

“జోసెట్‌కు చెప్పు. వర్నా గారికి చెప్పు. నోరు తెరిచి చెప్పు. నాకు ఉత్తరం రాయి.”

“ఉత్తరం నీకు చేరేసరికి నా ఏడుపు అయిపోతుంది.”

“అయిపోనీ,” అంది మారిట్.

భోజనాల గంట మోగింది. సిగ్ని తడిబట్టలతోనే వచ్చి గట్టిగా వాటేసుకుంది. అంతలోనే విడిపించుకుంది.

“అమ్మా, మా బల్లకు ఎనిమిది కంచాలే. ఇవాళ పెట్టే వంతు మాది. నువ్వు దారిలో ఏదైనా తినెయ్, సరేనా?”

ఇద్దరూ చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తారు. మారిట్ చొక్కా ముందంతా సరస్సు నీళ్ళు. అలాగే వెళ్ళి కారెక్కింది.