సిరా మడుగు

కొండ మొదట్లోనే మా అమ్మాయి నా సంచీ ఎత్తి చూసి ముఖం చిట్లించింది.

"ఇందులో ఏం పెట్టావు నాన్నా, రాళ్లా? పైన బోలెడున్నాయి కదా!"

"మాటలు తగ్గించి నడు తల్లీ," అన్నాను. అడుగున రెండు పెద్ద సీసాల నీళ్లు దాచానని చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది. అది చెప్పడానికే వచ్చాను గానీ, ఇంకా నోరు పెగల్లేదు.

ముప్పై రెండేళ్లు పటాల ఆఫీసులో పనిచేశాను. కొలిచేవాళ్లు అంకెలు పంపేవాళ్లు. కిటికీ పక్క బల్ల మీద నేను వాటితో కొండలు గీసేవాణ్ణి. ఒక్క కొండా ఎక్కిన పాపాన పోలేదు. ఈ కొండకి నాలుగు నెలలు పట్టింది. ఆఖరి రోజున, శిఖరానికి కాస్త కింద, కలంలోంచి నీలి సిరా చుక్క రాలింది. గీకితే కాగితం చిరుగుతుంది. మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేదు, ఇంట్లో మా ఆవిడకి నెలలు నిండాయి. చుక్క చుట్టూ సన్నగా గట్టు గీసి మడుగు చేసేశాను. ఎవరూ పట్టుకోలేదు. మర్నాడే అమ్మాయి పుట్టింది.

ఈ సోమవారం తను అదే ఆఫీసులో చేరుతోంది. "మా నాన్న గీసిన పటంలో తప్పుండదు" అని ఇంటర్వ్యూలో గొప్పగా చెప్పిందట. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. తను చేరేలోపు చెప్పాలి. చెప్పాక నన్ను ఎలా చూస్తుందోనని భయం.

సగం దూరం వెళ్లేసరికి పొగమంచు కమ్మేసింది. ముందు గడ్డి, వెనక గడ్డి, మిగతాదంతా తెలుపు. కాగితంలోకి నడిచి వెళుతున్నట్టుంది. ఇక్కడ ఏటవాలు చూపే గీతలు ఒత్తుగా గీశానని చెయ్యికి గుర్తుంది, ఇప్పుడు మోకాళ్లకి తెలిసొస్తోంది. అదిగో వాగు మలుపు. అదిగో నేను మూడుసార్లు దిద్దిన చరియ. అన్నీ గీసినచోటే ఉన్నాయి. చెప్పొద్దూ, పిచ్చి ఆశ పుట్టింది, మడుగు కూడా ఉంటుందేమోనని.

అమ్మాయి తన సీసాలోని నీళ్లు తాగి, మిగిలినవాటితో ముఖం కడుక్కుంది.

"అయ్యో, అన్నీ పారబోశావా?"

"గంటలో మడుగొస్తుందిగా!"

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. తలూపి ముందుకు నడిచాను.

మడుగు చోటికి చేరాం. ఎండుగడ్డి నిండిన చిన్న పల్లం, అంతే. మధ్యలో, చుట్టూ రాళ్లు పేర్చి, మూతపెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ము. మూత మీద రంగుతో రాసి ఉంది: "మడుగు పటంలోనే ఉంది. ఈ నీళ్లు తాగండి. మళ్లీ వస్తే ఒక సీసా తెండి."

అమ్మాయి రెండుసార్లు చదివి నావైపు తిరిగింది. నిలబడ్డచోటే అంతా చెప్పేశాను. చుక్క, గట్టు, నెలలు నిండిన వాళ్లమ్మ.

"ఎవరైనా దాహంతో పడిపోయుంటే నాన్నా?"

పాతికేళ్లుగా నన్ను నేను వేసుకుంటున్న ప్రశ్నే అది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

తను నా సంచీ విప్పి, సీసాలు రెండూ బయటికి తీసింది.

"ఇందుకా ఇంత బరువు?"

"ఊఁ."

డ్రమ్ము మూత తను పట్టుకుంది. నేను నీళ్లు పోశాను. కొన్ని గడ్డి మీద ఒలికాయి.

"సోమవారం ఆ మడుగు చెరిపేస్తాను," అంది.

"చెరిపెయ్యమ్మా."

"దాని బదులు ఇక్కడ తాగే నీళ్లున్నాయని గుర్తు పెట్టాలి. మన ఆఫీసులో ఆ గుర్తేంటి నాన్నా?"

కళ్లు తుడుచుకుని అన్నాను.

"నీలి చుక్క."