సొరకాయంత స్కోపు

ఆ ఇంటాయనకు లోకంలోని సమస్త రోగాలకూ ఒకటే మందు తెలుసు: కళ్ళద్దాలు. తలనొప్పి అన్నా అద్దాలే, నిద్ర పట్టలేదన్నా అద్దాలే. ఒకసారి వాళ్ళమ్మ మోకాలు నొప్పిగా ఉందిరా అంటే, "మెట్టు సరిగ్గా కనబడక కాలు తప్పుగా వేస్తున్నావమ్మా" అని ఆవిడకీ ఒక జత తగిలించాడు. పెద్దావిడకు మోకాలు ఇప్పటికీ నొప్పే. కాకపోతే నొప్పి ఎక్కడుందో స్పష్టంగా కనబడుతోందట.

వీధి మలుపులో కళ్ళద్దాల దుకాణం ఆయనది. అందరూ అద్దాలాయన అంటారు. ఇల్లాలు మాత్రం ఏమండీ అంటుంది. ఆ ఏమండీలో ఎన్ని రకాలున్నాయో పెళ్ళై పాతికేళ్ళైనా ఆయనకు అంతు చిక్కలేదు. దుకాణంలో పాతబడిన అక్షరాల బోర్డు ఒకటి తెచ్చి భోజనాల బల్లకు ఎదురుగా గోడకు కొట్టాడు. కూరలో ఉప్పు తక్కువైందన్న చుట్టాన్ని కూడా ముందు కింది వరస చదవమంటాడు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. కాలేజీలో చివరి ఏడాది. చదువు సంగతి అడిగితే "బాగానే ఉంది" అని ఊరుకుంటుంది గానీ, ఎయిర్ గన్ సంగతి ఎత్తితే మాత్రం అన్నం చల్లారిపోయినా కబురు ఆగదు. ఊరి చివర పాత గోదాములో ఒక గురి క్లబ్బుంది. అక్కడ ఇరవై మీటర్ల దూరంలో కాగితం పెట్టి దాని నడిమి చుక్కను కొట్టాలి. తనది గొట్టం మడిచి స్ప్రింగు బిగించే తుపాకి, ఎవరో వాడి అమ్మేసింది. దాని మీద ఉన్న ఇనుప గురితోనే క్లబ్బులో అందరి నోళ్ళూ మూయించింది.

గొప్పలు చెప్పుకోవడం ఇల్లాలికి నచ్చదు. అందుకని కూతురు కొట్టి తెచ్చిన కాగితాలను వంటింటి అరల్లో పరిచింది. ఊరికే పరవలేదు, చిల్లు పడిన నడిమి చుక్క అర అంచు మీంచి కిందికి వేలాడేటట్టు పరిచింది. మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చినవాళ్ళెవరైనా "ఇదేంటండీ, అన్నిటికీ మధ్యలో ఒకటే చిల్లు?" అని అడగాల్సిందే. "అదా, పిల్ల ఏదో కొడుతుంది లెండి" అనేది ఆవిడ, డబ్బా మూత తిప్పుతూ. ఆ డబ్బాకు తిప్పే మూత లేదన్న సంగతి ఎవరూ గమనించలేదు.

ఇంతలో క్లబ్బువాళ్ళు స్కోపు పోటీకి జట్టు కట్టాలనుకున్నారు. ముగ్గురే ఉండాలి. ఎంపిక వచ్చే నెల మొదటి ఆదివారం. తుపాకి మీద దూరదర్శిని గొట్టంలాంటి స్కోపు ఉండి తీరాలి.

"అద్దాల సంగతి నాకొదిలెయ్" అన్నాడు నాన్న, ఎన్నాళ్ళుగానో ఈ మాట కోసమే కాచుకున్నట్టు.

"నాన్నా, ఎయిర్ గన్‌కి వేరే రకం..."

"అద్దం అద్దమే తల్లీ. తుపాకి ఏదైతేనేం?"

సాయంత్రానికి సొరకాయంత స్కోపు ఒకటి ఇంటికి వచ్చింది. ఇరవై నాలుగు రెట్లు పెద్దది చేసి చూపిస్తుందట. అది బిగించాక తుపాకి స్కోపును మోస్తోందో, స్కోపు తుపాకిని మోస్తోందో తెలియలేదు. ఆయన డాబా ఎక్కి, ఎక్కడో రైలు కట్ట అవతలున్న నీళ్ళ ట్యాంకును చూసి కేక పెట్టాడు.

"ఏమోయ్! ట్యాంకు నిచ్చెనకున్న బోల్టులు కూడా కనబడుతున్నాయి! పైన కాకి నన్ను చూసి సిగ్గుపడి మొహం తిప్పుకుంది!"

"పాపం, దానికి అద్దాలు ఇవ్వకండి" అంది ఇల్లాలు.

మర్నాటి నుంచి వంటింటికి వచ్చిన కాగితాలు అరల్లో పరిచేటట్టు లేవు. జల్లెడలు. ఒక చిల్లు ఈ మూల, ఒకటి ఆ మూల, ఇంకోటి పక్కవాళ్ళ కాగితం మీద.

"మసగ్గా ఉంది నాన్నా. కాగితం కన్నా మసకే పెద్దగా కనబడుతోంది. నిన్న సరిచేసిన గురి ఇవాళ ఉండటం లేదు."

"కాకి కళ్ళు కనబడ్డ స్కోపమ్మా అది! స్కోపు బంగారం. అంటే లోపం..." అని ఆగి, కూతురి మొహంలోకి జాలిగా చూసి, అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టాడు. కింది వరస గడగడా చదివింది. ముద్రించినవాడి చిరునామా కూడా చదివింది. అయినా వెతికేవాడికి దొరక్కపోతుందా? పావు పవరు తేలింది. రెండు రోజుల్లో అద్దాలు తయారు. అవి పెట్టుకుని కొడితే మసకకు ఫ్రేము కట్టినట్టయింది తప్ప ఇంకేం జరగలేదు.

"కన్ను కాదు నాన్నా, స్కోపే."

"ఆడలేక మద్దెల ఓడందట నీలాంటిదే" అన్నాడు ఆయన, నవ్వుతూనే. మాట మాత్రం ముల్లులాగే దిగింది. అక్కడితో ఆగినా బాగుండేది. పిల్ల మీది ప్రేమకొద్దీ క్లబ్బు కోచ్‌కి ఫోన్ చేసి, "అమ్మాయికి చూపు కాస్త తగ్గింది, మీరు ఏమీ అనుకోవద్దు" అని కూడా చెప్పాడు. కోచ్ మంచావిడే. ఏమీ అనుకోలేదు. ఆదివారం ఈ పిల్లను చివర్లో ఒక్కసారి చూద్దాం, కుదరకపోతే వేరేవాళ్ళను తీసుకుందాం అని మాత్రం అనుకుంది.

ఆ సంగతి తెలిసిన రోజు కూతురు తుపాకిని సంచిలో పెట్టి జిప్పు లాగేసింది. "నా పేరు తీసేయమంటానమ్మా. నా కళ్ళు పోయాయని అందరూ జాలిగా చూస్తుంటే ఒక్క గుండూ తగలదు."

"ఆ పాత ఇనుప గురితో కొట్టవచ్చుగా?"

"స్కోపు పోటీ అమ్మా అది. పోనీ వేరే స్కోపు కొందామంటే... నాన్న ఎంత ముచ్చటపడి తెచ్చాడు. అది బాలేదని ఎలా రుజువు చేస్తాను? ట్యాంకు బోల్టులు నిజంగానే కనబడుతున్నాయి కదా!"

అది నిజమే. ఇల్లాలికి కూడా ఆ బోల్టుల దగ్గరే మెలిక పడింది.

మర్నాడు మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని చొక్కా గుండీ కుడుతోంది. సూదిలోకి దారం ఎక్కదు. బెజ్జం ఉండాల్సిన చోట ఆవిరి లాంటి మచ్చ ఉంది. విసుగొచ్చి తలెత్తితే కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు చక్కగా కనబడింది, నిచ్చెనతో సహా. అప్పుడు చూసుకుంది: పెట్టుకున్నవి దూరపు అద్దాలు. చదువుకునే అద్దాలు నెత్తి మీద ఉన్నాయి.

గుండీ అక్కడే వదిలేసింది.

"ఇలా రావే! ఆ తుపాకి తీసుకురా. ఖాళీగా ఉందో లేదో చూసి మరీ తీసుకురా."

కూతురు రెండుసార్లు చూసి తెచ్చింది. ఇంటి ఈ కొసన బల్ల మీద దిండ్లు పేర్చి తుపాకిని కదలకుండా నాటారు. ఆ కొసన, సాక్షాత్తూ అక్షరాల బోర్డు మీదే, గురి కాగితం అంటించారు. ఇల్లాలు తుపాకిని ముట్టుకోకుండా స్కోపులోకి తొంగి చూసింది. మసక. అందులోనే గురి చూసుకునే కూడిక గుర్తు. తల కాస్త ఎడమకు జరిపింది. తుపాకి కదల్లేదు, కాగితం కదల్లేదు, కూడిక గుర్తు మాత్రం చుక్క మీంచి దిగి గోడ మీది బల్లిలా పక్కకు పాకింది. కుడికి జరిపితే ఇటు పాకింది.

"ఇది మైళ్ళ దూరం చూడ్డానికి చేసిందే! దీన్ని పట్టుకుని ఇరవై మీటర్లు కొట్టడమంటే, దూరపు అద్దాలు పెట్టుకుని సూదిలో దారం ఎక్కించడమే. నీ తల వెంట్రుకవాసి జరిగితే చాలు, గురి ఊరేగింపుకు బయల్దేరుతోంది."

కూతురు కూడా చూసింది. చూసి, కన్ను తీయకుండానే నవ్వడం మొదలుపెట్టింది. "అమ్మా! నాన్న రోజూ దుకాణంలో చెప్పే మాటే ఇది! దూరపు అద్దాలతో పేపరు చదవకండి, అని!"

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ వైద్యుడే పెరట్లో పనికిరాలేదు. సరే పద, చెప్పులేసుకో."

ఆటల సామాన్ల దుకాణంలో కౌంటరు వెనకున్న అమ్మాయి ముందు రెట్ల సంగతే ఎత్తలేదు. తుపాకి ఏ రకం, ఎంత దూరం కొడతారు అని అడిగింది. స్ప్రింగు తుపాకి అనగానే వీళ్ళు వెంట తెచ్చిన సొరకాయ స్కోపును చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపింది. లోపల ఏదో గలగలలాడింది.

"స్ప్రింగు తుపాకి ముందు వెనక్కి తంతుంది, ఆ వెంటనే ముందుకు గుంజుతుంది. ఈ రెండో గుంజుడుకు పెద్ద తుపాకుల స్కోపులు కూడా లోపల వదులైపోతాయి. దీని పని అయిపోయింది. ఎవరు కొన్నారండీ ఇది?"

"మా ఇంట్లో ఒకాయన ఉన్నారు" అంది ఇల్లాలు, ఎక్కడో దూరపు చుట్టం గురించి చెప్పినట్టు.

ఆ తర్వాత బేరమంతా కూతురిదే. తల్లి స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. ఆ అమ్మాయి మొదట తీసింది తళతళలాడుతోంది, లోపల ఎర్ర దీపం కూడా వెలుగుతోంది. కూతురు దాన్ని దుకాణం చివరి గోడ మీది క్యాలెండరు వైపు తిప్పి, ఒక్క క్షణం చూసి దించేసింది. "దీపం బాగుంది. అంకెలే బాలేవు." రెండోదానికి దగ్గరి చూపు కుదిరింది గానీ, స్ప్రింగు దెబ్బకు పూచీ ఉందా అంటే ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. మూడోది నల్లగా, పొట్టిగా, పెళ్ళిచూపుల్లో ఎవరూ పట్టించుకోని పెద్దమనిషిలా ఉంది. తొమ్మిది రెట్లే. ముందు కొసన ఒక రింగు. అది తిప్పితే పది మీటర్ల దగ్గర నుంచీ చూపు కుదురుతుంది. కూతురు రింగు తిప్పింది. తల అటూ ఇటూ జరిపింది. కూడిక గుర్తు క్యాలెండరు మీది అంకెకు అతుక్కుపోయింది.

"స్కోపు వెనక్కి జారకుండా బిగింపుకు మేకు ఉందా?"

"ఉంది. స్ప్రింగు తుపాకికి పూచీ కూడా ఉంది."

"ఇదే ఇవ్వండి."

ధర సొరకాయలో సగం కూడా లేదు. "ఇంకాస్త మంచిది చూస్తావా?" అంది తల్లి, పరీక్షగా.

"మంచిదంటే ఇదేనమ్మా. మిగతావాటికి ఎక్కువిచ్చేది నాకు అక్కర్లేనివాటికే."

ఇల్లాలు లోలోపల పొంగిపోయింది. కూరగాయల బజారుకు ఇన్నేళ్ళు వెంట తిప్పినందుకు ఫలం దక్కిందనుకుంది. పైకి మాత్రం "సంచి ఉందా?" అంది కౌంటరు వైపు చూసి.

శనివారమంతా కూతురు గోదాములో గురి సరిచేసుకుంది. సాయంత్రం ఒక కాగితం తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. మధ్యలో ఒకటే చిల్లు. ఇల్లాలు అరలోంచి పాత కాగితం ఒకటి తీసేసి దాన్ని పరిచింది.

ఆదివారం అద్దాలాయన కూడా క్లబ్బుకు వచ్చాడు, జేబులో పావు పవరు అద్దాల పెట్టెతో. తుపాకి మీద పొట్టి స్కోపు చూసి అదిరిపడ్డాడు. "ఇదేంటే, బొటనవేలంత! నేను కొన్నదేమైంది?"

"ఏమండీ" అంది ఇల్లాలు. ఇది ఆయన ఇదివరకు విన్న రకం కాదు. "ఇలా రండి."

వెనక బెంచీ మీద ఇసుక సంచుల మధ్య సొరకాయ కదలకుండా నాటి ఉంది. "ముట్టుకోకండి. ఆ కాగితం వంక చూసి, తల కాస్త పక్కకు జరపండి."

ఆయన చూశాడు. జరిపాడు. మళ్ళీ జరిపాడు. పాతికేళ్ళు అద్దాలతో బతికినవాడు. వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. మెడ వెనక ఎర్రబడటం ఇల్లాలికి వెనక నుంచి కనబడింది.

"ఇప్పుడు తీసి చెవి దగ్గర ఊపండి."

గలగల.

అంతలో కూతురి వంతు వచ్చింది. వచ్చినవాళ్ళంతా ఆ పిల్లను జాలిగా చూశారు. ఆ పిల్ల మాత్రం ఎవరినీ చూడలేదు. తుపాకి చప్పుడైనప్పుడల్లా అద్దాలాయన కళ్ళు మూసుకున్నాడు. ఇల్లాలు రెప్ప వేయలేదు. కాగితం లాగి చూసిన కోచ్ కాసేపు దాన్ని వెలుగుకు పట్టుకుని నిలబడింది. నడిమి చుక్క ఉండాల్సిన చోట గోదాము కిటికీ కనబడుతోంది.

"జట్టులో మొదటి పేరు ఇదే" అంది కోచ్. తర్వాత అద్దాలాయన వైపు తిరిగింది. "ఏమండీ, చూపు తగ్గిందన్నారు?"

గోదాములో అందరూ ఆయన వంకే చూశారు. ఇల్లాలు పైకప్పు రేకుల వంక చూసింది, సాయం చేసే ఉద్దేశం లేదన్నట్టు. ఆయన జేబులోంచి అద్దాల పెట్టె తీశాడు. కూతురికి ఇవ్వబోయి, ఆగి, తెరిచి తనే పెట్టుకున్నాడు. చేతిలో సొరకాయ గలగలలాడింది.

"దాని చూపుకేం కాలేదండీ" అన్నాడు గట్టిగా, వెనక వరసకు కూడా వినబడేలా. "మద్దెలే ఓడు. దాన్ని కొన్నది నేను. తప్పు నాదే."