పక్కకుట్లు

టైలరమ్మ చేతిలో పడ్డ గుడ్డ ఒంటికి అతికినట్టు కూర్చోవాల్సిందే. ఎక్కడైనా ముడత కనబడితే ఆ పూట ఆవిడకి తిండి సయించదు. అలాంటి మనిషి, సొంత కూతురు వదులు చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్తుంటే చూస్తూ ఊరుకుంటుందా?

ఇస్త్రీ చేసేటప్పుడు చొక్కా తిరగేసి, పక్కకుట్టు కాస్త లోపలికి వేసేది. కొన్నాళ్ళకి మళ్ళీ వదులయ్యేది. మళ్ళీ వేసేది. కూతురికి ఆ మాట చెప్పలేదు. పిల్ల చిక్కిపోతోందని తెలియక కాదు, తెలిసే. "ఏమిటే, తినడం లేదా?" అంటే చాలు, పిల్ల గదిలోకి పోయి తలుపేసుకునేది. మాటలతో కానిది సూదితో సర్దవచ్చనుకుంది పిచ్చి తల్లి. నలుగురి కళ్ళూ పడకుండా ఉంటే తర్వాత అన్నీ అవే సర్దుకుంటాయని ఆశపడింది.

ఏదీ సర్దుకోలేదు. పిల్ల ఆఫీసు మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది.

ఆస్పత్రిలో చూసిన డాక్టరమ్మ నిదానస్తురాలు. గద్దించలేదు, ఉపన్యాసం దంచలేదు. మంచం పక్కన కూర్చుని, "కళ్ళు మూసుకో. నాడి పట్టుకోకూడదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలు ఎత్తు, చాలు" అంది.

పిల్ల కళ్ళు మూసుకుంది. దుప్పటి మీద వేలు కదల్లేదు. మూల కుర్చీలో కూర్చున్న తల్లికి తన గుండె దడదడ చెవుల్లో వినబడుతోంది. కూతురికి మాత్రం తన గుండె తనకే అందడం లేదు.

"తెలీట్లేదండీ" అంది చివరికి, పరీక్ష తప్పినదానిలా.

"ఫర్వాలేదు. ఆకలి తెలుస్తుందా?"

"కడుపులో ఏదో అవుతుందండీ. అది ఆకలో భయమో నాకు తేడా తెలీదు. రెండు ముద్దలు తినేసరికి గొంతు దాకా నిండిపోయినట్టుంటుంది. ఆపేస్తాను."

"మరి ఇంతలా తగ్గిపోయావని కూడా తెలియలేదా?"

"అందరూ అంటూనే ఉన్నారు. నేనే నమ్మలేదు." పిల్ల అమాయకంగా తల్లి వైపు తిరిగింది. "నా బట్టలు సరిగ్గానే ఉన్నాయి కదమ్మా? ఒక్కటీ వదులవలేదు."

లోపలి నుంచి ఏ కబురూ అందని పిల్లకి, బయటి నుంచి నిజం చెప్పగలిగినవి ఆ చొక్కాలే. వాటి నోళ్ళు టైలరమ్మ తన చేత్తోనే కుట్టేసింది.

ఇంటికెళ్ళి, ఆ ఇస్త్రీ బల్ల దగ్గరే కూలబడి, బ్లేడుతో ఒక్కో కుట్టూ విప్పింది. గుడ్డ మీద పాత సూది చిల్లులు వరసలు వరసలుగా బయటపడ్డాయి. ఏ వరస ఎప్పుడు వేసిందో ఆవిడకి గుర్తే. ఏడ్చింది, ముక్కు చీదుకుంది, మళ్ళీ విప్పింది.

మర్నాడు వాటిలో నీలం చొక్కా ఆస్పత్రికి పట్టుకెళ్ళి కూతురికి తొడిగింది. నడుం దగ్గర రెండు పిడికిళ్ళ గుడ్డ మిగిలిపోయింది.

"ఎవరిదమ్మా ఇది?"

"నీదే తల్లీ. వదులైనప్పుడల్లా నేనే లోపలికి కుట్టేశాను. నీకు చెప్పకుండా."

పిల్ల ఆ చిల్లుల మీద వేలు పెట్టి తడుముతూ కూర్చుంది. కోప్పడితే బాగుండునని తల్లి ఎదురుచూసింది. కోప్పడలేదు. కాసేపటికి గుండెల మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మా, ఇక్కడేదో అవుతోంది. ఏంటిది?"

"ఏడుపు తల్లీ. నాకూ అక్కడే వస్తోంది."

పిల్ల ఏడవలేదు. ఇన్నాళ్ళూ చొక్కాల చేత అబద్ధమాడించిన మనిషి మాట ఇప్పుడు నమ్మాలా వద్దా అన్నట్టు, తల్లి ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది.