దుప్పటికి రెండో మనిషి

నోరీన్ అటు రెండు మూలలు పట్టుకుంది, సరోజిని ఇటు రెండు. ఒక్క విదిలింపు, నడిమికి మడత, ఎదురెదురుగా నాలుగడుగులు. డ్రోహెడా అనే ఐరిష్ ఊళ్లో, ఆ నర్సింగ్‌హోమ్ లాండ్రీలో ఎనిమిదేళ్లుగా రోజుకు నూరు దుప్పట్లకు తక్కువ కాకుండా ఇద్దరూ ఇలాగే మడతపెడుతున్నారు. మాట్లాడుకునేది మాత్రం తక్కువే. డ్రయ్యర్ల హోరులో ఎవరి మాట ఎవరికి వినిపిస్తుంది గనక.

యాభై రెండేళ్ల సరోజిని పొట్టి మనిషి. నోరీన్ ఆమెకన్నా తలెత్తు పొడవు. దుప్పటి ఏటవాలుగా రాకుండా నోరీన్ ఎప్పుడూ మోచేతులు కిందికి దించి పట్టుకునేది. సరోజిని ఆ సంగతి మొదటి వారంలోనే గమనించింది. ఒక మంచిమాట అనాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

ఆ శుక్రవారం ఆమె మనసు మనసులో లేదు. రెండువేల పదో సంవత్సరం. ఊళ్లో సగం దుకాణాలు మూతపడ్డాయి. లెపర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయి, భర్త శేషగిరిరావు ఆరునెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. నర్సింగ్‌హోమ్‌లోనూ ఒక అంతస్తు మూసేసి, లాండ్రీకి ఇక ఒక్కరు చాలన్నారు. ఆ ఒక్కరు ఎవరో ఇవాళ చెబుతారు.

పొద్దుటి టీ వేళకి ఆయన ఫోన్ చేశాడు.

"లెటరేమన్నా ఇచ్చారా?"

"ఇంకా లేదండీ."

"ఆవిడ సీనియర్ గదా. నిన్నే తీసేస్తారేమో."

"ఊరికే భయపెట్టకండి. కుక్కర్ పెట్టారా?"

ఫోను పెట్టేసి, నోరీన్‌ని తీసేస్తే బావుండునని అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది. కాసేపటికి మళ్లీ అదే అనుకుంది.

డ్యూటీ అయిదు దాకా. మూడు కాకముందే నోరీన్ కోటు తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వెళ్లింది.

"నే వెళ్తున్నా, సరో."

ఎక్కడికి అన్న మాట సరోజిని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్లిన పని చెడుతుందని ఆమెకు ఉగ్గుపాలనాడే అబ్బిన పట్టింపు. ఏ మంచి పని మీద వెళుతోందో ఏమో. మాట మింగేసి నవ్వింది.

"సేఫ్ హోమ్, నోరీన్" అంది, క్షేమంగా ఇల్లు చేరమని అక్కడివాళ్లు అనే మాట.

నోరీన్ గడియ మీద చెయ్యి వేసి, ఇంకేమన్నా అంటుందేమోనని చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది.

నాలుగింటికి మేనేజర్ ఫియోనా వచ్చి ఉద్యోగం సరోజినిదేనని చెప్పింది. సోమవారమే నోరీన్ తన పేరు తీసేయమని రాసిచ్చిందట. సరో ఇంటాయన ఖాళీగా ఉన్నాడు, నాది ఒక్క పొట్టేగా అందట. సాయంత్రం ఓడకి లివర్‌పూల్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది, ఇక రాదు.

"నీకు చెప్పలేదా? వెళ్లేటప్పుడు నువ్వే అడుగుతావు, అప్పుడు చెబుతానందే" అంది ఫియోనా.

సరోజిని తలుపు వైపు చూసింది. ఎక్కడికి అన్నది ముక్కూ మొహం తెలియనివాళ్లయినా అడిగే మాట. మంచి కోరే అడగలేదని ఇప్పుడెలా చెప్పేది? తనకేమీ పట్టలేదనుకునే ఆ మనిషి వెళ్లి ఉంటుంది. ఎనిమిదేళ్లలో ఫోను నంబరైనా తీసుకోలేదు. పొద్దున తను అనుకున్నది గుర్తొచ్చింది.

మిగిలిన దుప్పట్లు ఒక్కతే మడిచింది. ఒక్కటీ సమంగా రాలేదు.

అయిదింటికి సరోజిని వెళ్లి నోరీన్ అల్మారా తెరిచింది. శుభ్రంగా తుడిచి ఉంది. పై అరలో చేతులకి రాసుకునే క్రీము ట్యూబు ఒకటి, అడుగునుంచి మెడదాకా పొదుపుగా చుట్టి ఉంది, మూత దగ్గర ఇంకా రెండు రోజులకి సరిపడా మిగిలి ఉంది.