తెల్లపూత గోడలో నా కాపురం

నేను ఒక ప్రొటీన్‌ని. కంటికి ఆనను. బూజు జాతికి చెందిన ఒక చిన్న కణం చుట్టూ గోడ ఉంటుంది, అందులో నా కాపురం. ఆ గోడను చక్కెర పోగులతో అల్లారు. కణం పెరగాలంటే గోడ సాగాలి, సాగినా చిరగకూడదు. అందుకని ఒక పోగును తుంచుతాను, ఆ కొసను పక్క పోగుకు అతికిస్తాను. పుట్టింది మొదలు నాకు తెలిసిన పని అదొక్కటే. దానివల్ల ఎవరికి నొప్పి పుడుతుందో నేనెప్పుడూ అడగలేదు.

నూకరత్నం కాన్పులో మేము ఆమె నుంచి బిడ్డ నోట్లోకి చేరాం. నెల తిరిగేసరికి వాడి నాలుక మీద తెల్లగా పరుచుకున్నాం. పాల మీగడ కాబోలనుకుని ఆమె తడిగుడ్డతో తుడిచింది. గట్టిగా తుడిస్తే నెత్తురు కనబడింది గానీ మేము పోలేదు. బిడ్డ రొమ్ము పట్టేవాడు, అంతలోనే ఏడ్చి వదిలేసేవాడు. మొలతాడు వదులైపోయింది. కోడలి పాలు విరిగిపోయాయని అత్త అప్పలకొండ తేల్చేసి, డబ్బా పాలు పట్టమంది. కనబడని తప్పేదైనా మనుషులు ముందు తల్లి మీదే వేస్తారు. చిత్రమేమిటంటే, తల్లి కూడా ఔనంటుంది.

ఆరోగ్య కేంద్రంలో బిడ్డకు చుక్కల మందు ఇచ్చారు. మాలో చాలామంది చిల్లులుపడి పోయారు. వారానికి నాలుక ఎర్రగా తేరుకుంది. ఆపైన మూడు రోజులకే మళ్లీ తెల్లబడింది. మేమెక్కడికీ పోలేదు మరి. వాడు పాలు తాగినప్పుడల్లా తల్లి రొమ్ము పగుళ్లలోకి చేరాం. అక్కడ మందు వేసేవారు లేరు. తుంచుతూ, అతికిస్తూ కొత్త గోడలు లేపుకున్నాం, మళ్లీ వాడి నోటికే వచ్చాం. మూడుసార్లు ఇదే జరిగింది. ఆమె డబ్బా పాలు తెప్పించి అలమరలో పెట్టుకుంది. మూత తీయడానికి చేతులు రాలేదు.

నాలుగోసారి వెళ్తే నర్సమ్మ బిడ్డ నోరు చూసి, తర్వాత నూకరత్నం మొహం చూసింది.

"నీకు సలుపుతుందా?"

ఆమె తల వంచుకుంది. "మొదట్నుంచీనండి. పిల్లడు తాగితే సూదులు గుచ్చినట్టుంటాది. పాలివ్వడమంటే అంతేనేమో అనుకున్నాను. నన్నెవులడిగారు?"

"అయితే పాలు విరగలేదా?" అంది వెంట వచ్చిన అప్పలకొండ.

"విరగడానికి గిన్నెలో లేవు గదమ్మా," అంది నర్సమ్మ. " పాలకేటీ అవలేదు. మందు ఇద్దరికీ ఒకేపాలి పడాలి. లేపోతే ఈ తెల్లపూత ఇక్కడ దాక్కుని అక్కడికి పోతాది."

అలాగే ఇద్దరికీ పడింది. గుడ్డలు మరిగే నీళ్లలో వేశారు. అతికించడానికి నాకు కొస దొరకలేదు. ఆరో రోజున బిడ్డ రొమ్ము పట్టి, వదలకుండా తాగి, తాగుతూనే నిద్రపోయాడు. నూకరత్నం ఏడుస్తూ అలాగే కూర్చుంది.

మాలో పదో పరకో వాడి చెంప లోపల మిగిలాం. ఇప్పుడు ఏ హానీ చేయం. ఆ మాట ఆమెకు చెప్పేవారెవరు? రోజూ పొద్దున గుమ్మంలో, వెలుగులో, గడ్డం పట్టి నోరు తెరిపించి చూస్తుంది. ఏమీ ఉండదు. మళ్లీ చూస్తుంది. ఆ చూపు నా మీదుగా వెళ్తున్నంతసేపూ పని ఆపి, కదలకుండా ఉంటాను.